ఉగాది నుంచి ఉగాదికి: కడపలో నా ఫోటో స్టూడియో మొదటి ఏడాది

లోన్ కోసం బ్యాంకులో కాగితాలు ఇచ్చింది 2024 జనవరి 29న. కెమెరా చేతికి వచ్చింది ఏప్రిల్ 5న. మధ్యలో 67 రోజులు. సొంతంగా స్టూడియో పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందు ఈ 67 రోజుల సంగతి తెలుసుకోవాలి. నాకు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు.

మా నాయనకు ప్రొద్దుటూరులో రీలు కెమెరా కాలం నాటి స్టూడియో ఉండేది. పని అక్కడే నేర్చుకున్నాను. పెళ్లయ్యాక కడపలో వేరేవాళ్ల స్టూడియోలో తొమ్మిదేళ్లు చేశాను. ఆల్బమ్ డిజైనింగ్, ఆడవాళ్ల ఫంక్షన్లు ఎక్కువగా నాకే ఇచ్చేవాళ్లు. 34 ఏళ్లకు సొంత షాపు పెడదామని ధైర్యం చేశాను.

చిన్న వ్యాపారాలకు అప్పు ఇచ్చే ముద్ర పథకంలో కిశోర్ రకం కింద అడిగాను. 50 వేల పైన 5 లక్షల దాకా అందులోకి వస్తుంది. ఆధార్, పాన్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు), షాపు అద్దె అగ్రిమెంటు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, కొనబోయే సామాన్లకు కొటేషన్ అడిగారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితమే, పావుగంట పని. తెలియక నెట్ సెంటర్‌లో 500 ఇచ్చాను. అసలు ఇబ్బంది కొటేషన్ దగ్గర వచ్చింది. తెలిసినవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్ కెమెరా బాడీ ఒకటి 1,35,000కి మాట్లాడి పెట్టుకున్నాను. పాత సామానుకు అప్పు ఇవ్వరని బ్యాంకుకు పోయాకే తెలిసింది. డబ్బు మన ఖాతాలో కూడా వేయరు, నేరుగా డీలర్‌కు పంపుతారు, అదీ జీఎస్టీ కొటేషన్ ఉంటేనే. దాంతో అనుకున్నదంతా మారిపోయింది. కొత్త సోనీ ఏ7 మార్క్ 4, 28-75 లెన్స్, ఫ్లాష్, ఎప్సన్ ప్రింటర్ కలిపి 3,42,000 అయింది. బ్యాంకు 3 లక్షలు ఇచ్చింది, 42 వేలు నేను పెట్టుకోవాలి. రెండు గాజులు కుదువ పెట్టాను. నెల కంతు 6,600, ఐదేళ్లు.

ఫిబ్రవరి 20న ఫీల్డ్ ఆఫీసర్ వచ్చి ఖాళీ గదిని ఫోటో తీసుకుని పోయారు. మార్చి 22న శాంక్షన్ అయింది. సంతోషంగా బ్యాంకుకు పోతే, నెలాఖరు క్లోజింగ్ ఉంది, ఏప్రిల్‌లో రమ్మన్నారు. షాపుకు అడ్వాన్స్ 50 వేలు అప్పటికే కట్టేశాను. మూతపడిన షట్టర్‌కు మార్చి నెల అద్దె 7,500 కూడా కట్టాను. ఆ నెల సరిగా నిద్రపోలేదు.

షాపు ఎర్రముక్కపల్లిలో. ఊరి నడుమ ఉన్న ఏడు రోడ్ల దగ్గర అడిగితే అద్దె నా శక్తికి మించి చెప్పారు.

2024 ఏప్రిల్ 9, ఉగాది. కొత్త కెమెరాతో మొదటి ఫోటో గుడి దగ్గర తీయమని మా నాయన చెప్పాడు. పొద్దున ఐదున్నరకే దేవుని కడప పోయాను. ఉగాది నాడు ఆ గుడికి ముస్లింలు కూడా కుటుంబాలతో వస్తారు. స్వామి భార్య బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని, కాబట్టి వేంకటేశ్వరస్వామి తమకు అల్లుడని వాళ్ల నమ్మకం. ఆ ఏడు ఉగాది రంజాన్ నెలలో పడింది, ఇంకో రెండు రోజుల్లో పండుగ. వరుసలో ఒక ముసలామె, కొబ్బరికాయ రెండు చేతులా పట్టుకుని, కొంగు తల మీద కప్పుకుని నిలబడి ఉంది. అప్పుడే వెలుతురు గోపురం మీద నుంచి కిందికి దిగుతోంది. అడిగి తీశాను. నా కెమెరాలో మొదటి ఫోటో అదే. ప్రసాదం కొంగున మూట కట్టుకుంటుంటే, తినవా అవ్వా అన్నాను. "రోజా ఉండానమ్మా, సాయంత్రం విడిచేటప్పుడు తింటా" అంది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "నా ఫోటో ఎప్పుడిస్తావు?" అని అడిగింది. వచ్చే ఉగాదికి ఇక్కడే ఇస్తానన్నాను. పేరు, ఇల్లు అడగడం తోచలేదు.

పది గంటలకు షాపు తెరిచాను.

ఆ నెలలో మూడు పెళ్లిళ్లు దొరికాయి. మూడూ పాత పరిచయాలే. మొదటి ఆర్డర్ 75 వేలు. ఇంట్లో అందరూ ఒక్క పెళ్లికి 75 వేలా అన్నారు. ఆ డబ్బు ఎట్లా పోయిందో రాస్తాను. వీడియో తీసేవాళ్లకు 8 వేలు, కాండిడ్‌కు, అంటే నిలబెట్టకుండా సహజంగా తీసే ఫోటోలకు 12 వేలు, డ్రోన్‌కు 7 వేలు, 12×36 సైజులో 40 షీట్ల ఆల్బమ్‌కు 13 వేలు, వీడియో ఎడిటింగ్‌కు 9 వేలు, కారుకు, లైట్ బాయ్‌కు, దారి ఖర్చులకు 3 వేలు. మొత్తం 52 వేలు. మిగిలింది 23 వేలు. అందులో 20 వేలు బ్యాలెన్స్ రూపంలో పెళ్లివాళ్ల దగ్గరే ఉండిపోయింది, ఆల్బమ్ ఇచ్చేటప్పుడు ఇస్తామన్నారు. అంటే ఆ పెళ్లి పనికి అప్పుడు చేతిలో ఉన్నది 3 వేలు. తొమ్మిదేళ్లు ఈ పనిలోనే ఉన్నా ఈ లెక్క నాకు తెలియదు. జీతానికి చేసేవాళ్లకు బ్యాలెన్స్ కష్టం కనపడదు.

ఏప్రిల్ 24 రాత్రి రాజంపేట వైపు నుంచి వస్తుంటే చెక్‌పోస్టులో కారు ఆపారు. ఎన్నికల కోడ్ ఉంది. నా బ్యాగులో 68 వేలు. పెళ్లివాళ్లు ఇచ్చింది, వీడియో అబ్బాయిలకు పంచాల్సింది. కోడ్ ఉన్నప్పుడు 50 వేలు దాటితే ఆధారం చూపించాలి. ఆర్డర్ పుస్తకం, శుభలేఖ, కెమెరాలో అప్పుడే తీసిన ఫోటోలు అన్నీ చూపించాను. గంటన్నర తర్వాత వదిలారు. ఆ గంటన్నర కాళ్లు వణుకుతూనే ఉన్నాయి, అది నా ఒక్కదాని డబ్బు కాదు. అప్పటి నుంచి పెద్ద మొత్తం ఏదైనా ఫోన్‌లోనే వేయించుకుంటున్నాను.

తర్వాత మూఢం. ఏప్రిల్ చివరి వారంలో మొదలైంది. మామూలుగా వేసవి అంటే పెళ్లిళ్ల కాలం, మే నెల మీదే అందరి ఆశ. 2024లో శుక్ర మూఢం, మధ్యలో గురు మూఢం, అది తీరీ తీరకముందే ఆషాఢం. ఆగస్టు మొదటి వారం దాకా ముహూర్తాలు లేవు. పంచాంగం ఉగాది ముందే అంగళ్లలో ఉంటుంది. 40 రూపాయలు పెట్టి కొని చూసుకుని ఉంటే షాపు ఆగస్టులో తెరిచేదాన్ని, మూడు నెలల అద్దె మిగిలేది. ఇప్పుడు షాపులో గోడకు కెమెరా కంపెనీ క్యాలెండర్ పక్కనే పంచాంగం వేలాడదీశాను.

మా తమ్ముడు నా దగ్గర నెలకు 12 వేలకు చేస్తాడు. వాడిని ఎన్నికల వీడియో పనికి పంపాను. అభ్యర్థుల సభలు, ర్యాలీలు వీడియో తీసే బృందాల కోసం ఒక కాంట్రాక్టర్ మనుషులను పెట్టాడు. రోజుకు 700, 38 రోజులు. మే 13న పోలింగ్ అయిపోయింది. డబ్బు వచ్చింది అక్టోబర్‌లో, రెండు విడతలుగా, అందులోనూ 4 వేలు తగ్గించి. ఎందుకు తగ్గించారో చెప్పలేదు. ఆ నెలలు వాడి జీతం మా ఆయన ఇచ్చాడు. ఆయన ఆర్టీసీలో కండక్టర్.

ఆ మూడు నెలలు షాపును నిలబెట్టింది పాస్‌పోర్ట్ ఫోటోలు, దినాల ఫోటోలు. పెద్ద స్టూడియోలో పనిచేసినప్పుడు కౌంటర్ పనిని అందరూ తక్కువగా చూసేవాళ్లు, నేను కూడా. ఎనిమిది కాపీలు 80 రూపాయలు. జూన్‌లో బడులు తెరిచినప్పుడు రోజుకు ఇరవై, ముప్పై మంది వచ్చారు. మిగతా రోజుల్లో ఎక్కువమంది కువైట్ పోయేవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు. పాస్‌పోర్ట్ ఆఫీసులో పెద్దవాళ్లకు అక్కడే ఫోటో తీస్తారు, నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఫోటో తీసుకుపోవాలి. మెడ నిలబడని పసిబిడ్డకు తెల్లటి వెనక భాగంతో, కళ్లు తెరిచి, పక్కన ఇంకెవరి చెయ్యీ పడకుండా తీయాలి. కుర్చీలో కూర్చోబెట్టి గంట కష్టపడిన రోజులున్నాయి. తర్వాత నేల మీద మెత్తటి తెల్లదుప్పటి పరిచి, బిడ్డను పడుకోబెట్టి, పైనుంచి తీయడం అలవాటు చేసుకున్నాను. పది నిమిషాల్లో అయిపోతుంది. ఫ్లాష్ వాడను, కిటికీ వెలుతురు చాలు. తండ్రి ఫోన్‌లో వీడియో కాల్‌లో ఉండి అవతలి నుంచి పిలుస్తుంటే బిడ్డ అటు తిరుగుతుంది, ఫోన్ కెమెరా పక్కనే పట్టుకుంటే సరిపోతుంది.

దినాల ఫోటోల గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

మనిషి పోయిన రెండో రోజో మూడో రోజో ఇంట్లోవాళ్లు వస్తారు. పెద్ద ఫోటో కావాలి, ఫ్రేమ్ కట్టి ఇవ్వాలి, పదకొండో దినానికి అందాలి. చేతిలో ఉండేది ఆధార్ కార్డో, రేషన్ కార్డో, ఎవరి పెళ్లిలోనో మూలన నిలబడిన ఫోటోనో. జూన్ 19న ఒకామె తన తండ్రి ఆధార్ తెచ్చింది. అంతకుముందే ఎవరో ఫోన్ యాప్‌లో పెట్టి పెద్దది చేసి ఇచ్చారట. చాలా శుభ్రంగా ఉంది, ముడతలు లేవు, కళ్లు మెరుస్తున్నాయి. ఆమె దాన్ని కౌంటర్ మీద బోర్లించి పెట్టి, "అక్కా, బాగానే ఉంది. మా నాయన మాత్రం కాదు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ యాప్‌లు చిన్న ఫోటోలో లేని వివరాలను సొంతంగా పుట్టిస్తాయి. కనుబొమ్మ వంపు, పెదవి చివర కొంచెం మారితే చాలు, వేరే మనిషి అయిపోతాడు.

మా నాయనను ప్రొద్దుటూరు నుంచి పిలిపించాను. ఆయన వెనకటికి నెగటివ్ మీద సన్న పెన్సిల్‌తో రీటచింగ్ చేసేవాడు. కంప్యూటర్ రాదు. నా పక్కన కూర్చుని, ఆమెను అడుగుతూ, నాకు చెబుతూ పోయాడు. ఎడమ కన్ను కొంచెం చిన్నదా? మీసం తెల్లగా ఉండేదా, కలిసి ఉండేదా? రుమాలు కట్టేవాడా? ఆమె చెబుతూ మధ్యలో ఆగి ఏడ్చేది, మళ్లీ చెప్పేది. రెండు సాయంత్రాలు పట్టింది. 12×18 సైజు, ఫ్రేమ్‌తో 850 తీసుకున్నాను. గంటల లెక్కన చూస్తే నష్టమే. ఆమె మాత్రం ఆ ఏడాదిలో నా దగ్గరికి తొమ్మిది మందిని పంపింది, ఇద్దరు పెళ్లి ఆర్డర్లతో వచ్చారు. ఆ ఫోటో తీసుకునేటప్పుడు ఆమె ముందు చెప్పులు విడిచింది. ఏ పెళ్లి ఆల్బమ్ ఇచ్చినప్పుడూ నాకు అంత గౌరవం దొరకలేదు.

ఆగస్టు 5న శ్రావణం వచ్చింది. మూడు నెలలు ఆగిన పెళ్లిళ్లన్నీ మూడు వారాల్లో పడ్డాయి. ఒకే తేదీకి నాలుగు ఫోన్లు. 20 రోజుల్లో తొమ్మిది ఆర్డర్లు చేశాను, ఆరు వదులుకున్నాను. మనుషులు దొరకలేదు. ఏప్రిల్‌లో 12 వేలకు వచ్చిన కాండిడ్ అబ్బాయి ఆగస్టులో 18 వేలు అడిగాడు. నేను జూన్‌లోనే పాత ధరకు ఒప్పుకుని ఉన్నాను, ఆ తేడా నా మీదే పడింది. ముహూర్తాలు తెల్లవారుజామున రెండుకు, మూడుకు. మా పాపను అత్త దగ్గర పడుకోబెట్టి పోయేదాన్ని. ఐదింటికి ఇంటికొచ్చి కెమెరా కార్డులు కాపీకి పెట్టి, ఏడింటికి టిఫిన్ డబ్బా కట్టేదాన్ని. 18వ తేదీ నాటికి చేతి వేళ్లు వాచి ఉంగరం ఎక్కలేదు.

ఆడమనిషి ఫోటోగ్రాఫర్ అయితే పని దొరకదని కొందరు నన్ను భయపెట్టారు. నిఖాలకు, ఓణీల ఫంక్షన్లకు, సీమంతాలకు నన్నే వెతుక్కుంటూ వచ్చారు. నిఖాలో ఆడవాళ్ల వైపు మగవాళ్లు పోలేరు. అక్కడ పెళ్లికూతురి తల్లి ఒక మాట తీసుకుంది, ఫోటోలు ఎక్కడా పెట్టకూడదు, పెన్‌డ్రైవ్ ఇచ్చాక నా దగ్గర ఉంచుకోకూడదు. ఒప్పుకున్నాను. కొత్త షాపుకు ప్రచారం కావాల్సిన రోజుల్లో, నేను తీసినవాటిలో మంచి ఫోటోలు అవే. ఒక్కటీ ఎవరికీ చూపించలేదు. పెన్‌డ్రైవ్ ఇచ్చిన పది రోజులకు ఆమె ముందే చెరిపేశాను. ఆ ఇంటి చుట్టాల నుంచి ఇంకా నాలుగు నిఖాలు వచ్చాయి.

రాయచోటి దగ్గర ఒక పల్లెలో పెళ్లి, ఆగస్టు 22. పెళ్లికూతురి అన్న కువైట్‌లో డ్రైవర్, సెలవు ఇవ్వలేదు. లైవ్ పెట్టమన్నారు, 5 వేలు. ఊళ్లో సిగ్నల్ ఒక్క గీత. సరిగ్గా ముహూర్తం సమయానికి లైవ్ ఆగిపోయింది. తమ్ముడు మిద్దె ఎక్కి ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు, 11 నిమిషాలకు కలిసింది. ఆ అబ్బాయి తర్వాత నాకే ఫోన్ చేశాడు. "అక్కా, తలంబ్రాలు చూసినా. తాళి కట్టేది చూడలేదు." కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ బాధేసింది. కార్డు నుంచి ఆ ముక్క తీసి మండపం దిగకముందే వాట్సాప్‌లో పంపాను. లైవ్ డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు లైవ్ ఒప్పుకుంటే ఒకరోజు ముందు ఊరికి పోయి రెండు కంపెనీల సిమ్‌లతో చూసుకుంటాం, సిగ్నల్ లేకపోతే లేదని ముందే చెబుతాం.

సెప్టెంబర్ భాద్రపదం, పెళ్లిళ్లు లేవు. ఆల్బమ్‌లు పూర్తిచేసి బ్యాలెన్స్‌లు తెచ్చుకోవచ్చు అనుకున్నాను. ఆల్బమ్ డిజైన్ చేయాలంటే పెళ్లివాళ్లు ఫోటోలు సెలక్షన్ చేసి పంపాలి. 3 వేల ఫోటోల్లో 250 ఎంచుకోవాలి. పెళ్లికూతురు ఒక ఊళ్లో, అమ్మ ఒక ఊళ్లో, అబ్బాయి హైదరాబాద్‌లో. నెల, రెండు నెలలు, ఐదు నెలలు. అడిగితే మొహమాటం, అడగకపోతే మన డబ్బు ఆగిపోతుంది. అక్టోబర్ నుంచి పద్ధతి మార్చాను. ఆర్డర్ రోజు 30 శాతం, పెళ్లి రోజు మండపంలోనే 50 శాతం, ఆల్బమ్ అప్పుడు 20 శాతం. 45 రోజుల్లో సెలక్షన్ పంపకపోతే నేనే ఎంచి ప్రింట్‌కు పంపుతానని ఆర్డర్ కాగితంలో రాశాను. ఒకరిద్దరు నొచ్చుకున్నారు, ఒక ఆర్డర్ పోయింది. అయినా మార్చుకోలేదు. కార్తీకం బాగా నడిచింది.

ఇక డిసెంబర్. దీన్ని రాయడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

డిసెంబర్ 7 రాత్రి మైదుకూరులో పెళ్లి. పసుపు పండించే రైతు కుటుంబం, ఒక్కతే కూతురు. తెల్లవారి వచ్చి ఐదు కార్డులు హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాను. రెండో కాపీ సాయంత్రం చేద్దామనుకున్నాను. పది గంటలకు ఇంకో ఓణీల ఫంక్షన్ ఉంది, కార్డులు ఖాళీ చేసి తీసుకుపోయాను. సాయంత్రం ఆరున్నరకు రెండో కాపీకి పెట్టాను. లేచేటప్పుడు వైరు నా చేతికి తగిలి, తిరుగుతున్న డిస్క్ బల్ల మీద నుంచి కింద పడింది. రెండున్నర అడుగుల ఎత్తు. మళ్లీ పెడితే టిక్, టిక్, టిక్.

ఆ శబ్దం వచ్చాక చేయకూడని పని నేను నాలుగుసార్లు చేశాను. వైరు తీసి మళ్లీ మళ్లీ పెట్టాను. లోపల హెడ్ దెబ్బతిన్నప్పుడు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ పళ్లెం మీద గీతలు పడతాయని తర్వాత బెంగళూరులో చెప్పారు. మీలో ఎవరికైనా ఆ శబ్దం వస్తే దయచేసి ఆ క్షణమే ఆపేయండి.

9వ తేదీ రాత్రి డిస్క్‌ను మెత్తటి టవల్‌లో చుట్టి ఒళ్లో పెట్టుకుని బెంగళూరు బస్సెక్కాను. డేటా రికవరీ చేసేచోట చూడటానికి 1,500, బాగుచేయడానికి 38 వేలు చెప్పారు. అదే మోడల్ డిస్క్ ఇంకొకటి తెచ్చి, దాని హెడ్ తీసి దీనికి పెట్టాలి. సగం అడ్వాన్స్. కనీసం 15 పనిదినాలు. ఎంత వస్తుందో మాట ఇవ్వలేమన్నారు.

పెళ్లివాళ్లకు చెప్పాలా, వచ్చేదాకా ఆగాలా? మూడు రోజులు అన్నం దిగలేదు. చెప్పకపోయినా ఆల్బమ్‌కు ఎలాగూ నెలలు పడుతుంది, ఆగమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. 13వ తేదీ మా ఆయనను తోడు తీసుకుని మైదుకూరు పోయాను. ఫోన్‌లో చెప్పే విషయం కాదు. పెళ్లికూతురి తండ్రి విని ఏమీ మాట్లాడలేదు. లేచి బయటికి పోయి చాలాసేపటికి వచ్చాడు. తల్లి మాత్రం ఒకటే అడిగింది. "అప్పగింతలప్పుడు మా అమ్మ బిడ్డను పట్టుకుని ఏడ్చిందే, అదన్నా ఉందామ్మా?" తెలియదని చెప్పాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ ఇంట్లో వాళ్లు నాకు కాఫీ ఇచ్చారు. అది తాగడం ఆ ఏడాదిలో నాకు చాలా కష్టమైన పని.

2025 జనవరి 3న ఫోన్ వచ్చింది. 3,860 ఫోటోల్లో 3,214 తెరుచుకున్నాయి. వీడియో సగానికి పైగా వచ్చింది. అవ్వ ఏడ్చే ఫోటోలు ఉన్నాయి, తాళి, తలంబ్రాలు ఉన్నాయి. పోయిన 646లో దాదాపు అన్నీ రాత్రి పది తర్వాత స్టేజీ మీద చుట్టాలు నిలబడి దిగినవి. ఫోటోగ్రాఫర్లం మాలో మేము వాటిని పెద్దగా లెక్కచేయం, కాండిడ్ గురించే మాట్లాడుకుంటాం. పల్లెల్లో ఆల్బమ్ తెరవగానే ప్రతి మనిషీ వెతికేది తన ఫోటో. అవి లేకపోతే మా ఫోటో ఏదని ఏళ్ల తరబడి పెళ్లివాళ్లనే అడుగుతారు.

చుట్టాలు మళ్లీ ఎప్పుడు కలుస్తారని అడిగాను. సంక్రాంతికి అన్నారు. జనవరి 14, 15 తేదీల్లో తమ్ముడూ నేనూ లైట్లు తీసుకుని ఆ ఊరు పోయాం. ఇంటి ముందు ముగ్గులు, గొబ్బెమ్మలు. కొత్త జంటను నడుమ నిలబెట్టి 41 కుటుంబాలను తీశాం. పెళ్లిలో కట్టుకున్న చీరలే చాలామంది మళ్లీ కట్టుకుని వచ్చారు. నేను అడగలేదు, పెళ్లికూతురి మేనత్త ఇల్లిల్లూ తిరిగి చెప్పిందట. ఆ ఆల్బమ్‌లో చివరి 12 షీట్లు సంక్రాంతివే. బ్యాలెన్స్ 45 వేలు వద్దన్నాను. ఫిబ్రవరి 20న ఆల్బమ్ ఇచ్చినప్పుడు తండ్రి 20 వేలు బల్ల మీద పెట్టాడు. వద్దంటే, "నీ తప్పుకు నువ్వు తగ్గించుకున్నావు, నీ కష్టానికి ఇది" అన్నాడు.

ఇప్పుడు రెండు ఎస్ఎస్‌డీలు (లోపల తిరిగే పళ్లెం లేని డిస్కులు), ఒక పెద్ద డిస్క్ ఉన్నాయి. ఆరు కార్డులు అదనంగా కొన్నాను. రెండు కాపీలు తెరిచి చూసుకున్నాకే, అదీ వారం తర్వాతే కార్డు ఖాళీ చేస్తాను. ఒక కాపీ షాపులో ఉండదు, మా ఇంటి బీరువాలో ఉంటుంది. నిఖా ఫోటోలకు మాత్రం ముందే అడుగుతాను, ఎన్ని రోజులు రెండో కాపీ ఉంచుకోనిస్తారని. నెల రోజులకు ఒప్పుకుంటున్నారు.

మాఘం అంతా పని. మార్చిలో మళ్లీ కొద్దిరోజులు మూఢం వచ్చింది, ఈసారి పంచాంగంలో ముందే చూసుకుని ఆల్బమ్ పనులు ఆ రోజులకు పెట్టుకున్నాను. మార్చి 29 రాత్రి ఏడాది లెక్క వేశాను. పెళ్లిళ్లు 19, చిన్న ఫంక్షన్లు 31. కౌంటర్ మీద 2,60,000 వచ్చింది. అన్నీ కలిపి 17 లక్షల పైన. 20 లక్షలు దాటలేదు కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం పడలేదు. మనుషులకు, ఆల్బమ్‌లకు, అద్దెకు, కరెంటుకు, బ్యాంకు కంతుకు, తమ్ముడి జీతానికి, ఆ డిస్క్‌కు పోగా నాకు మిగిలింది 2,24,000. అందులో 1,35,000 ఇంకా చేతికి రాలేదు. గాజులు ఇంకా కుదువలోనే ఉన్నాయి. కౌంటర్ డబ్బు లేకపోతే మే నెలలోనే షట్టర్ దించేసేదాన్ని.

మార్చి 30, ఉగాది. 2025లో కూడా రంజాన్ నెలలోనే పడింది, ఆఖరి రోజాల్లో. ఆ ముసలామె ఫోటో 12×18 ప్రింట్ తీసి, అట్ట పెట్టి, బ్యాగులో పెట్టుకుని ఐదున్నరకు దేవుని కడప పోయాను. తొమ్మిది దాకా వరుస వెంబడి తిరిగాను. ఆమె కనపడలేదు. పూలు అమ్మే ఆమెకు ఫోటో చూపించి అడుగుతుంటే, పక్కన నిలబడిన ఒక పిల్లవాడు తొంగి చూసి, "మా నానీ!" అన్నాడు. ఈసారి మోకాళ్ల నొప్పులతో రాలేకపోయిందట. నకాష్ వైపు ఇల్లు, గుర్తులు చెప్పాడు.

సాయంత్రం షాపు మూసి పోయాను. నెలవంక కోసం ఇంట్లోవాళ్లంతా మిద్దె మీద ఉన్నారు. ఆమె ఒక్కతే కింద మంచం మీద కూర్చుని ఉంది. ఫోటో చేతికిస్తే కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఉగాదికి ఇస్తానంటివి కదా" అంది. అంతలో పైనుంచి పిల్లల కేకలు, చంద్రుడు కనపడ్డాడు. ఆమె దిండు కింద నుంచి 100 రూపాయల నోటు తీసి, వద్దంటున్నా నా గుప్పెట్లో పెట్టి మూసింది.

ఇంటికొచ్చి కొత్త లెక్కల పుస్తకం తీసి పసుపు రాసి, మొదటి పేజీలో ఆ 100 రాశాను.